ఈ ఈగను ఎవరు కట్టారు?

"ఇది మీకు సహజంగానే వచ్చేసిందండీ" అన్నాడు ఆ పెద్దాయన, నేను కట్టిన ఈగని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తూ. మెచ్చుకోలుగానే అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ 'సహజంగానే' అన్న మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నాను. (అమ్మమ్మలు విమానాలెక్కి వెళ్ళి చేసే ఆ ఆరు నెలల చాకిరీ ఏ దేశపు లెక్కల్లోకీ రాదు. దాని సంగతి ఇంకోసారి.) శనివారం అల్లుడు ఇంట్లో ఉంటాడు కనక నాకు రెండు గంటలు దొరికేవి. ఊళ్ళో లైబ్రరీలో ట్రౌట్ చేపలు పట్టే 'ఫ్లై'లు కట్టడం నేర్పుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. పదకొండుమంది మగవాళ్ళు, నేను. బల్లకి బిగించిన చిన్న వైస్, దాని నోట్లో గోరంత గాలపు ముల్లు, సన్నటి దారపు కండె. మూడో వారానికి నా ఈగ ఆయన చేతిలో ఉన్న నమూనాకి దగ్గరగా వచ్చింది. అప్పుడన్నాడు ఆ మాట.

మాది నరసాపురం పక్క పల్లె. మా అమ్మ లేసు అల్లేది. ఏడో ఏట నా చేతికి క్రోషా సూది ఇచ్చింది. దారం బిగిస్తే పువ్వు ముడుచుకుపోతుంది, వదిలేస్తే కళ్ళు సాగిపోతాయి. ముడుచుకున్న పువ్వుని ఏజెంటు పక్కన పడేసి, దారం ఖరీదు కూలిలో కోసుకుంటాడు. అందుకే కుట్టు తప్పితే అమ్మ సూది వెనకవైపుతో వేళ్ళ మీద కొట్టేది. పదేళ్ళు అలా నేర్చుకున్న చేతులివి. దారం ఎంత లాగితే తెగుతుందో, తెగే ముందు ఎక్కడ ఆపాలో నా వేళ్ళకి తెలుసు. దీన్ని సహజం అంటారా? ఒక మగవాడు వీణ వాయిస్తే సాధన చేశాడంటారు. నా వేళ్ళు చేసింది సాధన కాదా? మన నేర్పుని 'సహజం' అన్న మరుక్షణం దానికి చదువు లేదు, ఆలోచన లేదు, చరిత్ర లేదు. చరిత్ర లేనిదానికి కూలి కూడా తక్కువే ఇస్తారు.

ఈ విషయం మీద రాస్తున్నానని చెబితే ఒక సీనియర్ మిత్రురాలు విసుక్కుంది. "ఏమే, డబ్బున్న తెల్ల మగవాళ్ళు సరదాకి చేపల్ని హింసించే ఆట మీద మనకి వ్యాసం ఎందుకు?" అంది. "అక్కా, ఆ ఆట నాకూ అక్కర్లేదు. ఆ ఆటకి కావలసిన వస్తువుని ఎవరు చేశారు, పేరెవరికి వచ్చింది అన్నదే నాక్కావాలి" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. అందుకే ఈ వ్యాసం కొంచెం గట్టిగా రాస్తున్నాను.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. ట్రౌట్ చల్లగా పారే నీళ్ళలో బతికే చేప. మన దేశానికి బ్రిటిష్‌వాళ్ళు 1900 ప్రాంతంలో కాశ్మీరుకీ, ఆ తర్వాత నీలగిరులకీ తెచ్చి పెంచారు. దాని తిండిలో ఎక్కువ భాగం నీటి పురుగులే. మేఫ్లై లాంటి పురుగు నెలల తరబడి ఏటి అడుగున రాళ్ళ సందుల్లో పిల్లపురుగుగా బతికి, పైకొచ్చి రెక్కలు విప్పుకుని, ఒకటి రెండు రోజుల్లో జతకట్టి చచ్చిపోతుంది. అంత సుకుమారమైన పురుగుని ముల్లుకి గుచ్చితే నిలవదు. అందుకని ఆ ముల్లు మీదే ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి పురుగుని తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు.

సంప్రదాయ పద్ధతిలో తేలే ఈగ కట్టాలంటే ముందు దారంతో ముల్లు కాడకి పునాది చుట్టాలి. కోడి ఈక పోగులు నాలుగు తోకగా కట్టాలి. కుందేలు చెవి దగ్గరి బొచ్చునో ఇంకో జంతువు బొచ్చునో వేళ్ళ మధ్య నలిపి దారానికి పురిపెట్టి ఒళ్ళు చుట్టాలి. బాతు పక్కటి ఈకతో రెక్కలు నిలబెట్టాలి. కోడిపుంజు మెడ ఈకని అంచు మీద నిలబెట్టి తిప్పితే పోగులు చుట్టూ విచ్చుకుని కాళ్ళవుతాయి. ఆ కాళ్ళ మీదే ఈగ నీటిపైన నిలబడుతుంది. చివర దారాన్ని దాని కిందికే దోపి ముడేసి, ఒక చుక్క వార్నిష్. ఆధునిక పద్ధతిలో ఇత్తడి, టంగ్‌స్టన్ పూసలొచ్చాయి, ఫోమ్ వచ్చింది, అతినీలలోహిత దీపం చూపిస్తే గట్టిపడే రెసిన్ వచ్చింది, మెడ ఈకల కోసమే జాతి కుదిర్చి పెంచే కోళ్ళొచ్చాయి. సామాను మారింది గానీ చెయ్యి మారలేదు. ఇవాళ దుకాణంలో దొరికే దాదాపు ప్రతి ఈగా ఎవరో ఒకరు కూర్చుని, కళ్ళు చిట్లించి, చేత్తో కట్టిందే.

మరి ఆ ఎవరో ఎవరు? ఈ చరిత్ర ఆడదాన్ని మూడు రకాలుగా మాత్రమే ఒప్పుకుంటుంది. పుక్కిటి పురాణంగా, వింత మనిషిగా, చేతిసాయంగా.

పురాణంతో మొదలుపెడదాం. ఇంగ్లీషులో గాలంతో చేపలు పట్టడం గురించిన తొలి అచ్చు గ్రంథం 1496లో వింకిన్ డి వోర్డ్ వేసింది. అందులో పన్నెండు ఈగల వివరాలున్నాయి. ఏ నెలలో ఏది, ఏ రంగు ఉన్ని, ఏ పక్షి ఈక, అన్నీ రాసి ఉన్నాయి. నెమలి పింఛపు పోగు కూడా అందులో ఉంది. ఆ గ్రంథం జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత పండితులు అసలు ఆమె ఉందా అని అడిగారు. అడగడంలో తప్పులేదు. నిజం చెప్పాలంటే ఆ పేరు 1486లో వచ్చిన మొదటి కూర్పులో వేట భాగం చివర కనబడుతుంది గానీ, చేపల భాగం మీద లేదు. కనక ఆమె మహారాణి అని జెండా పట్టుకు తిరగమని నేను అనను.

నా ప్రశ్న వేరు. ఆమె కాదని తేలగానే రాసినవాడు మగవాడని ఎలా తేలిపోయింది? ఉన్నికి రంగులద్దడం, గుర్రపు వెంట్రుకలకి కాలాన్ని బట్టి రంగు వేయడం, పట్టుదారం చుట్టడం ఇంత వివరంగా రాసిన చేతికి పేరు లేకపోతే అది మగచెయ్యే అని ఎవరు నిర్ణయించారు? ఇక ఐజాక్ వాల్టన్. 1653లో 'ది కంప్లీట్ యాంగ్లర్' వేసినప్పుడు ఈ పన్నెండు ఈగల జాబితానే, మధ్యలో ఇంకొకరి పుస్తకం మీదుగా, తన పుస్తకంలోకి తెచ్చుకున్నాడు. ఆయన్ని ఈ విద్యకి పితామహుడంటారు. అరువు తెచ్చుకున్నవాడు పితామహుడు, అనుమానితురాలు ఆమె! తెలుగు సాహిత్య విద్యార్థులకి ఇదేం కొత్త? ఒక ఆడమనిషి మంచి పద్యం రాస్తే వెనక ఎవరున్నారని వెతికాం. 1960, 70ల్లో ఆడపేర్లకి గిరాకీ ఉందని తెలిసి ఆ పేర్లు పెట్టుకుని రాసిన మగవాళ్ళని మాత్రం చమత్కారులన్నాం.

తర్వాతది చేతిసాయం. ఇక్కడ ఆడామగా గొడవ ఒక్కటే లేదు, వర్గం గొడవ కూడా ఉంది. 1854లో ట్వీడ్ నది ఒడ్డున గ్రీన్‌వెల్ అనే మతాధికారికి ఒక ఈగ కావలసి వచ్చింది. స్ప్రౌస్టన్ ఊళ్ళో జేమ్స్ రైట్ అనే పనివాడు కట్టిచ్చాడు. ఈగ పేరు 'గ్రీన్‌వెల్స్ గ్లోరీ'. కీర్తి అడిగినవాడిది, కూలి కట్టినవాడిది. అయినా రైట్ పేరు మనకి తెలుసు. ఇప్పుడు ఇంకో కథ వినండి. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో టివర్టన్ ఊరివాడు ఆర్.ఎస్. ఆస్టిన్ ఒక ఈగ కట్టాడు. దాని ఒంటికి వాడింది పొట్టేలు వృషణాల దగ్గరి ఉన్ని. ఆ రహస్యం తెలిసిన జి.ఇ.ఎం. స్క్యూస్ దానికి 'టప్స్ ఇండిస్పెన్సబుల్' అని పేరు పెట్టాడు. టప్ అంటే పొట్టేలు. ఆస్టిన్ పోయాక ఏళ్ళ తరబడి ఆ ఈగ కట్టి అమ్మింది, రహస్యం కాపాడింది ఆయన కూతురు. ఆమె వ్యాపారం మానుకున్నాకే ఆ కూర్పు అచ్చులో బయటపడింది. కనిపెట్టినవాడికి పేరుంది, పేరు పెట్టినవాడికి పేరుంది, చివరికి పొట్టేలుకీ పేరు దక్కింది. నేను చదివిన పుస్తకాల్లో ఆమె మాత్రం 'ఆస్టిన్ కూతురు'.

అక్టోబరులో ఆకుల రంగులు చూద్దామని పిల్లలు నన్ను వెర్మాంట్ తీసుకెళ్ళారు. మాంచెస్టర్ అనే చిన్న ఊళ్ళో ఈగలకీ గాలపు కర్రలకీ ఒక మ్యూజియం ఉంది. అక్కడ 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకి పంపిన చెక్క పలకలు చూశాను. ఏటి ఒడ్ల ఫోటోలు, వాటి చుట్టూ వరసగా ఈగలు. చేయించింది మేరీ ఆర్విస్ మార్బరీ. తండ్రి చేపల సామాన్ల వ్యాపారంలో 1876 నుంచి ఈగల విభాగం ఆమెదే. అప్పట్లో ఒకే ఈగకి ఊరికో పేరు, ఒకే పేరుకి ఊరికో ఈగ. ఉత్తరం రాసి ఈగలు తెప్పించుకునేవాళ్ళకి ఏం పంపాలో తెలిసేది కాదు. ఆమె దేశమంతటా చేపలు పట్టేవాళ్ళకి ఉత్తరాలు రాసింది, వచ్చిన జవాబులు కూర్చింది, రంగుల బొమ్మలు వేయించి 1892లో 'ఫేవరిట్ ఫ్లైస్ అండ్ దెయిర్ హిస్టరీస్' అన్న పెద్ద గ్రంథం తెచ్చింది. ఇది నిఘంటువు పని. మన దగ్గర ఒక మగవాడు ఈ పని చేసుంటే మహామహోపాధ్యాయ అనేవాళ్ళం. ఆమె గురించి మాట్లాడేటప్పుడు 'తండ్రికి అండగా నిలిచిన కూతురు' అనే మాట ముందొస్తుంది.

కానీ నేను అక్కడ ఆగిపోతే నా మీద నాకే అనుమానం రావాలి. మేరీ యజమాని కూతురు. ఆమె కింద ఒక గదిలో కూర్చుని రోజంతా ఈగలు కట్టిన ఆడపిల్లలున్నారు. ఆ పలకల మీద ఈగల పేర్లున్నాయి, ఊళ్ళ పేర్లున్నాయి. ఎర్రటి ఈక పక్కన, బంగారు జరీ చుట్టు పక్కన, "ఇది ఫలానా అమ్మాయి కట్టింది" అన్న ముక్క కోసం అద్దానికి ముక్కు ఆనించి వెతికాను. కనబడలేదు. మా అమ్మాయి వచ్చి "ఏం వెతుకుతున్నావమ్మా?" అంది. "మీ అమ్మమ్మని" అన్నాను. దానికి అర్థం కాలేదు.

ఇక వింత మనుషులు. మెయిన్ రాష్ట్రంలో అప్పర్ డ్యామ్ దగ్గర కేరీ స్టీవెన్స్ ఉండేది. టోపీలు కుట్టిన అనుభవం ఉన్న మనిషి. భర్త చేపల వేటగాళ్ళకి గైడు. 1924 జులై 1న తనే కట్టుకున్న ఈగతో 6 పౌన్ల 13 ఔన్సుల బ్రూక్ ట్రౌట్ పట్టింది. 'ఫీల్డ్ అండ్ స్ట్రీమ్' పత్రిక పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. ఆ ప్రయోగాల్లోంచే 'గ్రే ఘోస్ట్' అన్న ఈగ పుట్టింది. ఆమె వైస్ కూడా వాడేది కాదు, చేతిలోనే పట్టుకుని కట్టేది. ఈ కథ ఎవరు చెప్పినా ఎలా మొదలెడతారో తెలుసా? 'ఆ రోజు ఇంటిపని మధ్యలో వదిలేసి...' అని! హాల్ఫర్డ్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి తేలే ఈగల శాస్త్రం రాశాడు. ఆయన ఏ పని వదిలేసి రాశాడో ఎవరూ చెప్పరు. ఆయనకి వదిలేయడానికి ఇంటిపని ఉంటేగా!

స్కాట్లాండ్‌లో బ్రోరా దగ్గర మేగన్ బాయ్డ్ (1915-2001) కట్టినవి ట్రౌట్ ఈగలు కావు, వాటికి అక్కల్లాంటి సాల్మన్ ఈగలు. చిన్నప్పటి నుంచి కళ్ళు సహకరించినన్నాళ్ళూ కట్టింది. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం పతకం ఇస్తామంటే, తన కుక్కని చూసుకునే మనిషి లేదని లండన్ వెళ్ళలేదు. ఈ ముక్క చెప్పి అందరూ నవ్వుతారు. ఆమె మగవాళ్ళ కోటూ టై వేసుకునేదని, తను మాత్రం చేపలు పట్టేది కాదని చెప్పి ఇంకాస్త ఆశ్చర్యపోతారు. నాకు నవ్వు రాలేదు. ఒంటరిగా పనిచేసుకు బతికే మనిషికి ఒక రోజు పని వదిలి వెళ్ళడమంటే ఏమిటో పతకాలిచ్చేవాళ్ళకి తెలియదు. చివరికి చూపు మందగించి ఆ పని ఆగింది. నాకు అక్కడ మా అమ్మ కనబడింది. యాభై దాటేసరికి అమ్మ సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయేది. క్రోషాకి దారం ఎక్కించక్కర్లేదు కనక ఇంకో ఆరేళ్ళు అల్లింది, వేళ్ళతో తడుముకుంటూ.

హెలెన్ షా పేరు కూడా చెప్పాలి. 1963లో వచ్చిన ఆమె పుస్తకం 'ఫ్లై టైయింగ్'లో ఫోటోలన్నీ కట్టే మనిషి కంటికి కనబడే వైపు నుంచి తీసినవి. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడి వైపు నుంచి కాదు. కెమెరా పట్టింది భర్త. కానీ ఎక్కడ నిలబడి చూస్తే పని అర్థమవుతుందన్నది ఆ చేతుల జ్ఞానం. మనం సెమినార్లలో 'స్టాండ్‌పాయింట్' అని పెద్ద మాటలు వాడతాం. ఆమె ఆ పనిని బొమ్మల్లో చేసి చూపించింది. దీన్ని సిద్ధాంతం అనడానికి మనకెందుకు మొహమాటం?

పని ఆడవాళ్ళది, పేరు వేరేవాళ్ళది అనుకుంటే, నింద మాత్రం ఎప్పుడూ మనదే. 19వ శతాబ్దం చివర ఆడవాళ్ళ టోపీల్లో ఈకల కోసం పక్షుల్ని లక్షలకొద్దీ చంపారు. తప్పే. దాన్ని ఆపడానికి ఇంగ్లండులో 1889లో సంఘం పెట్టింది ఆడవాళ్ళే. అదే తర్వాత పక్షుల రక్షణకి అక్కడి అతిపెద్ద సంస్థ అయింది. అయినా 1920లో ఈకల బిల్లు ఆగిపోయినప్పుడు ఒక పత్రికా సంపాదకుడు ఆడవాళ్ళ అలంకార పిచ్చిని తిట్టాడు. వర్జీనియా వుల్ఫ్ జవాబిచ్చింది. చంపేది మగవాళ్ళు, అమ్ముకునేది మగవాళ్ళు, పార్లమెంటులో కూర్చుని బిల్లు ఆపిందీ మగవాళ్ళు అని గుర్తుచేసింది. 1921లో చట్టం వచ్చింది. అదే కాలంలో పెద్దమనుషుల సాల్మన్ ఈగల్లోకి దక్షిణ అమెరికా అడవుల పక్షుల ఈకలు వెళ్ళాయి. మన దక్షిణాది బూడిదరంగు అడవికోడి మెడ ఈకలూ వెళ్ళాయి. మైనపు చుక్కల్లాంటి మచ్చలున్న ఆ ఈక కేరీ స్టీవెన్స్ గ్రే ఘోస్ట్‌కి చెంప. గోదావరికి దక్షిణాన తిరిగే పిట్ట అది. 1960ల చివర ఎగుమతి నిషేధం వచ్చేదాకా దాని మెడలు సముద్రాలు దాటాయి. ఆ పిచ్చిని ఎవరూ పిచ్చి అనలేదు. దానికి 'కళ' అని పేరు.

2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షి చర్మాలు పోయాయి. ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ సేకరించినవి కూడా వాటిలో ఉన్నాయి. విక్టోరియా కాలపు ఈగలు మళ్ళీ కట్టాలన్న మోజున్నవాళ్ళకి అమ్మడానికి ఒక సంగీత విద్యార్థి దొంగిలించాడు. 2011లో కోర్టు శిక్షని నిలిపి వదిలేసింది. అదే 2011లో అమెరికాలో అమ్మాయిలు జుట్టులో కోడి ఈకలు పెట్టుకోవడం ఫ్యాషనయింది. చేపల దుకాణాల్లో ఈకలకి కరువొచ్చింది, ధరలు పెరిగాయి. అప్పుడు చూడాలి ఆ మగవాళ్ళ కోపం! క్షౌరశాలల్లో ఆడపిల్లలు తమ పవిత్ర విద్యని నాశనం చేస్తున్నారని. ఆ మోజుని టీవీలో పెట్టుకు తిరిగినవాళ్ళలో స్టీవెన్ టైలర్ అనే మగ గాయకుడూ ఉన్నాడు. అయినా మాట పడింది ఆడపిల్లలే. ఈక జుట్టులో ఉంటే సోకు, ముల్లు మీద ఉంటే సంప్రదాయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇవాళ అమెరికా, యూరప్ దుకాణాల్లో దొరికే ఈగల్లో పెద్ద భాగం కెన్యా, శ్రీలంక, థాయ్‌లాండ్ లాంటి చోట్ల కార్ఖానాల్లో కట్టినవి. కట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళలో చాలామంది ట్రౌట్ ఉన్న ఏరు చూసి ఉండరు, ఆ ఈగతో చేప పట్టి ఉండరు. నమూనా వస్తుంది, దాన్ని చూసి ఒకటే మాదిరిగా డజన్ల లెక్కన కట్టాలి. పొట్లం మీద ఈగ పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది, కొన్నిసార్లు ఆ నమూనా గీసిన పెద్దమనిషి సంతకం కూడా ఉంటుంది. శనివారం పూట సరదాకి ఒక వంకర ఈగ కట్టిన ఆయన 'ఫ్లై టయర్'. వారమంతా తిన్నగా కట్టే ఆమె 'లేబర్'.

ఇది నాకు తెలిసిన కథ. 1982లో మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ళ మీద పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజూ గంటల తరబడి అల్లే ఆడవాళ్ళని ఊరూ, ప్రభుత్వమూ, ఎగుమతిదారులూ 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' అని ఎలా చూశారో విప్పి చెప్పింది. ఒకళ్ళు పువ్వు అల్లుతారు, ఒకళ్ళు అతుకుతారు. పూర్తయిన దుప్పటి ఎలా ఉంటుందో చాలామంది చూడను కూడా చూడరు. మా ఇంట్లోనూ అంతే. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి "మీరేం చేస్తారమ్మా?" అని అడిగితే, ఒళ్ళో లేసు పెట్టుకునే మా అమ్మ "ఏం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. నేను గడపలో నిలబడి విన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ మాట తప్పని తట్టలేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఊరికి పేరొచ్చింది. చేతికి?

ఇక్కడే మనతో మనకి పేచీ ఉంది. స్త్రీవాద సాహిత్యంలో మనం అల్లికని ఎంత ప్రేమించాం! కవిత అల్లిక, కథ అల్లిక, జ్ఞాపకం అల్లిక, మన రాత ముగ్గు, మన రాత బొంత. నేను కూడా రాశాను అలాంటి కవితలు, దాచుకోను. పాఠాలు చెప్పేటప్పుడు ఆ పోలిక వాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు అనుమానంగా ఉంది. అల్లిక మనకి ఉపమానం అయ్యే కొద్దీ, అల్లే మనిషి ఆ పోలికలోంచి జారిపోతోంది. ఉపమానానికి మెడనొప్పి ఉండదు. ఏజెంటు ఉండడు. చూపు తగ్గదు. చేతిపని మనకి అందమైన గుర్తుగా మిగిలిపోయి, దాని రేటు, దాని లెక్క, దాని నేర్పు ఎవరో ఎగుమతిదారు చూసుకునే విషయమైపోయింది. చేతి నేర్పుని 'సహజం' అన్న ఆ పెద్దాయనకీ, దాన్ని 'స్త్రీ సహజమైన సృజన' అని పొగిడిన నాకూ ఎంత తేడా ఉంది? ఇద్దరమూ నేర్చుకున్న ఏళ్ళని కొట్టేశాం.

అందుకే 'చేపల వేటలోకి ఆడవాళ్ళు కూడా' అని వచ్చే రంగుల వ్యాసాలంటే నాకు ఉత్సాహం లేదు. మరో కేరీని, మరో మేగన్‌ని వెతికి గోడకి తగిలించడం తేలిక. వింత మనిషికి దండ వేసిన ప్రతిసారీ మిగతావాళ్ళు ఇంకాస్త వెనక్కి జరుగుతారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిన స్త్రీశక్తి సంఘటన మనకి వేరే దారి చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చుని, వాళ్ళ మాటల్లోనే రాసుకున్నారు. చేతిపని దగ్గరికీ అలాగే వెళ్ళాలి. ఏం చేశారు అని మాత్రమే అడిగితే చాలదు. ఎలా చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎక్కడ తప్పేది, తప్పకుండా ఏం కనిపెట్టారు, ఎంతిచ్చారు అని అడగాలి. మ్యూజియంలో పెట్టినా, దుకాణంలో అమ్మినా, కట్టిన మనిషి పేరు చీటీ మీద ఉండాలని అడగాలి. పుస్తకం మీద మన పేరు లేకపోతే మనం ఊరుకుంటామా?

ఆఖరి శనివారం క్లాసులో నేను రెండు ఈగలు కట్టాను. ఒకటి సంప్రదాయం ప్రకారం కోడి ఈకతో. ఇంకోటి ఆధునికంగా, ఇత్తడి పూస తలతో. పెద్దాయన రెండూ చూసి మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి నవ్వి ఊరుకోలేదు. "సహజం కాదండీ. మా అమ్మ నేర్పింది, పదేళ్ళు పట్టింది. ఆవిడ కూలికి లేసు అల్లేది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడ పేరేమిటి?" అని అడిగాడు.

చెప్పాను. రెండుసార్లు పలికించి నేర్పాను.